పొద్దు వాలిన తరువాత: అలసిన దేహానికి, మనస్సుకు కొన్ని సులభ మార్గాలు



గడచిన జూలైలో, మన దీవిలో చలి బాగా ఉన్న రోజుల్లో, మేము ఒక సాయంకాలం పరిచయస్థుల ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి కోడలు బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. చీకటితో లేచి, వంట చేసి, పిల్లలకు డబ్బాలు సర్ది, బస్సెక్కి వెళ్ళి, మళ్ళీ దీపాల వేళకు ఇల్లు చేరుతుంది. మేము వెళ్ళేసరికి ఆమె వరండా మెట్టు మీద, కాలి చెప్పులు కూడా విప్పకుండా కూర్చొని ఉన్నది. లోపలి నుంచి అత్తగారి అడుగుల చప్పుడు వినిపించిందో లేదో, గబుక్కున లేచి నిలబడింది. "ఇప్పుడే వచ్చానత్తా, ఇప్పుడే కూర్చున్నాను" అన్నది. అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ కోపిష్ఠి మనిషి కాదు కూడా. అయినా ఆ అమ్మాయి ముఖంలో మాత్రం ఏదో తప్పు చేస్తూ పట్టుబడిన మనిషి కంగారు కనిపించింది.

ఆ కంగారు మాకు కొత్త కాదు. మా తల్లుల ముఖాల్లో చూశాము, మా అన్నదమ్ముల్లో చూశాము, మాలో మేమూ చూసుకున్నాము. మనలో చాలామంది అయిదు నిమిషాలు ఊరికే కూర్చుంటే చాలు, ఎవరికో సంజాయిషీ చెప్పుకోవలసినట్లు బాధపడతారు. కనుక ఈ వ్యాసంలో అలసట తీర్చుకొనే కొన్ని సులభ మార్గాలను చెప్పబోయే ముందు, అలసట తీర్చుకోవడం తప్పు అనే ఈ భావం మనకు ఎక్కడ నుంచి వచ్చిందో కొంచెం ఆలోచించడం అవసరమని భావిస్తున్నాము.

విశ్రాంతి నేరమైన కాలం

1834వ సంవత్సరం నవంబరు 2వ తేదీన "అట్లాస్" అనే ఓడ 36 మంది కూలీలతో కలకత్తా నుంచి వచ్చి పోర్ట్ లూయీ రేవు చేరిన సంగతి మన పిల్లలందరూ బడిలో చదువుకున్నదే. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే మన తెలుగువారూ కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల మీదుగా రావడం మొదలైంది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, దానితోపాటు బియ్యం, పప్పు వంటి దినుసులు. కాగితం మీద ఉన్నది ఇంతే. కాగితం వెనుక ఉన్నది వేరు.

ఆ రోజుల్లో "డబుల్ కట్" అనే పద్ధతి ఒకటి ఉండేది. కూలివాడు సెలవు లేకుండా ఒక రోజు పనికి రాకపోతే ఒక రోజు కూలి కాదు, రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరం వచ్చిందన్నా, ఒళ్ళు నొప్పులన్నా, నమ్మితే నమ్మేవారు, లేకపోతే లేదు. నెలలో పది రోజులు మంచం పట్టినవాడు ఇరవై రోజుల జీతం పోగొట్టుకొనేవాడు. ఆదివారమైనా పూర్తిగా తమది కాదు. ఆ ఉదయం కూడా కొంతసేపు పశువుల శాలలు శుభ్రం చేయడం, గడ్డి కోయడం వంటి జీతం లేని చాకిరీ చేయవలసి వచ్చేది. దానిని "కోర్వే" అనేవారు.

ఒప్పందం ముగిసినవారికైనా నిమ్మళం లేదు. 1867లో వచ్చిన చట్టం ప్రకారం వారు తమ ఫోటో అంటించిన టిక్కెట్టును, పోలీసు పాసును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవలసి వచ్చింది. అవి లేకుండా దారి పక్కన కనిపించిన మనిషిని పని లేక తిరిగే దేశదిమ్మరిగా లెక్కగట్టి పట్టుకొనేవారు. ఈ బాధలు పడలేకనే 1871లో 9,401 మంది పాత వలస కూలీలు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే పెద్దమనిషి సహాయంతో గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో దాని నివేదిక వెలువడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, చెట్టు కింద కాసేపు కూర్చోవడమే నేరంగా లెక్కించిన కాలంలో మన పెద్దలు పిల్లలను పెంచారు. "ఊరికే కూర్చోకు, ఎవరైనా చూస్తారు" అని వారు చెప్పినది సోమరితనం మీద కోపంతో కాదు, భయంతో. ఆ భయం వారికి అన్నం పెట్టింది, ఒళ్ళు కాపాడింది. కానీ చట్టం పోయింది, సర్దారు పోయాడు, గంట మోగడం మానింది. భయం మాత్రం మనలో మిగిలిపోయింది. ఇప్పుడు మన నెత్తిన కూర్చొన్న సర్దారు బయట లేడు, లోపల ఉన్నాడు.

మరొక సంగతి కూడా గమనించవలసి ఉన్నది. ఎంత కఠినమైన పనైనా, ఆనాటి చెరకుతోట పనికి ఒక హద్దు ఉండేది. చీకటి పడితే కత్తి కింద పెట్టవలసిందే. ఈనాటి పనికి ఆ హద్దు లేదు. ఎబెన్‌లో కార్యాలయంలో పని చేసే అబ్బాయికి రాత్రి పది గంటలకు కూడా సెల్ ఫోనులో పై అధికారి సందేశం వస్తుంది. హోటల్లో పని చేసేవారికి షిఫ్టు మారుతూ ఉంటుంది. చెరకు కొట్టిన తాతకు ఒళ్ళు అలసింది, రాత్రి నిద్ర పట్టింది. కుర్చీలో కూర్చొన్న మనుమడికి ఒళ్ళు అలవలేదు, మనస్సు అలసింది, నిద్ర పట్టడం లేదు. పని దానంతట అది ముగియని కాలంలో, దానిని ముగించడం మనమే నేర్చుకోవాలి. మేము చెప్పదలచుకొన్న ముఖ్యమైన మాట ఇదే.

ఒంట్లో జరిగేది ఏమిటి?

మనకు ఏదైనా ఒత్తిడి కలిగినప్పుడు, అది అధికారి కోపం కావచ్చు, తప్పిపోబోయే బస్సు కావచ్చు, తీర్చవలసిన అప్పు కావచ్చు, శరీరం దానిని ఒక ప్రమాదంగానే భావిస్తుంది. మూత్రపిండాల పైభాగాన ఉన్న చిన్న గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలు రక్తంలోకి వస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పులి ఎదురైతే పరుగెత్తడానికి ఇది మంచి ఏర్పాటు. 1936లో మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో ఒక విషయం బయటపెట్టాడు. బాధ ఏ రకమైనదైనా శరీరం ఒకే విధంగా స్పందిస్తుందని, ఆ స్థితి చాలా కాలం కొనసాగితే శరీరానికే హాని కలుగుతుందని ఆయన చూపాడు. "స్ట్రెస్" అనే మాట వైద్యంలో వ్యాప్తిలోకి వచ్చింది ఆయన వల్లనే.

అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లో రక్తం నుంచి తగ్గిపోతుంది. కార్టిసాల్ అలా కాదు. అందులో సగం తగ్గడానికే గంట, గంటన్నర పడుతుంది. అందుకే పని నుంచి ఇంటికి వచ్చిన తరువాత కూడా చాలాసేపు మనకు చిరాకుగా ఉంటుంది. పిల్లవాడు గ్లాసు కింద పడేస్తే కేకలు వేస్తాము. తప్పు పిల్లవాడిది కాదు, మన రక్తంలో ఇంకా ఆఫీసు ఉన్నది.

అయితే ప్రకృతి మనకు రెండు రకాల నాడులను ఇచ్చింది. ఒక రకం మనల్ని పరుగెత్తిస్తాయి, రెండవ రకం నిమ్మళింపజేస్తాయి. ఈ రెండవ రకంలో ముఖ్యమైనది వేగస్ నాడి. ఇది మెదడు నుంచి గుండె వరకు, అక్కడ నుంచి కడుపు వరకు సాగుతుంది. గుండెను "నెమ్మదించు" అని మనం నోటితో ఆజ్ఞాపించలేము. కానీ ఊపిరి ద్వారా, కండరాల ద్వారా, వెచ్చదనం ద్వారా, పాట ద్వారా ఈ నాడికి కబురు పంపవచ్చు. కింద చెప్పబోయే మార్గాలన్నీ ఆ కబుర్లే. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

మొదటిది: ఇల్లు చేరగానే స్నానం

మన పెద్దలు చెరకుతోట నుంచి వచ్చి, కాళ్ళు చేతులు కడుక్కోకుండా లోపలికి అడుగు పెట్టేవారు కారు. దానికి కారణం మట్టి మాత్రమే అనుకున్నాము. కానీ అది పనికీ ఇంటికీ మధ్య గీసిన గీత. పని బట్టలు విప్పి, స్నానం చేసి, ఇంటి బట్టలు కట్టుకుంటే "ఈ రోజుకు పని అయింది" అని శరీరానికి తెలుస్తుంది.

నిద్ర పట్టనివారు పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చని నీటితో పది నిమిషాలు స్నానం చేయడం మంచిది. 2019లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు అంతకుముందు జరిగిన అనేక పరిశోధనలను సమీక్షించి ఇదే చెప్పారు. దీనికి కారణం విచిత్రంగా ఉంటుంది. వెచ్చని నీటివల్ల చర్మానికి, అరచేతులకు, అరికాళ్ళకు రక్తం ఎక్కువగా వస్తుంది. స్నానం తరువాత ఆ దారినే లోపలి వేడి బయటకు పోయి, శరీరం చల్లబడుతుంది. శరీరం లోపల చల్లబడడమే నిద్రకు సూచన. స్నానం వీలు కానినాడు బకెట్టు గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకొని కూర్చొన్నా చాలు. ఆపైన కొంచెం కొబ్బరినూనె అరికాళ్ళకు రాస్తే, అమ్మమ్మ చేతి స్పర్శ గుర్తుకు వస్తుంది. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు మాత్రం నీటి వేడిని మోచేతితో చూసుకోవాలి. మన దీవిలో మధుమేహం ఎక్కువ కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాము.

రెండవది: ఊపిరి

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పెంచుతుంది, విడిచినప్పుడు కొద్దిగా తగ్గిస్తుంది. కనుక విడిచే ఊపిరిని పొడిగిస్తే గుండె నెమ్మదిస్తుంది. చేయవలసినది ఇంతే. వెన్ను ఆనించి కూర్చొని, ఒక చేయి పొట్ట మీద పెట్టుకోండి. మనస్సులో నాలుగు లెక్కించేవరకు ముక్కుతో ఊపిరి తీసుకోండి. పొట్ట మీది చేయి పైకి లేవాలి. తరువాత ఆరు లెక్కించేవరకు మెల్లగా విడవండి. ఒక్కొక్క లెక్క ఒక్కొక్క సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. అయిదు నిమిషాలు చాలు. తల తిరిగినట్లు ఉంటే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఊపిరిని బలవంతంగా బిగబట్టవద్దు.

దీనిని పోర్ట్ లూయీ నుంచి కూర్పిప్ వెళ్ళే బస్సులోనో, మెట్రోలోనో కూడా చేయవచ్చు. పక్కవారికి తెలియనైనా తెలియదు. ఇల్లు చేరేలోగా సగం భారం దిగుతుంది.

మూడవది: బిగించి వదలడం

"ఒళ్ళు వదులు చేసుకో" అని చెబితే చాలామందికి ఎలాగో తెలియదు. ఎందుకంటే తమ ఒళ్ళు బిగుసుకొని ఉన్నదనే వారికి తెలియదు. అమెరికాకు చెందిన డాక్టర్ ఎడ్మండ్ జాకబ్‌సన్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టి, 1929లో ఒక గ్రంథంలో వివరించాడు. ముందు కండరాన్ని కావాలని బిగించాలి, తరువాత ఒక్కసారిగా వదలాలి. అప్పుడు బిగువుకూ వదులుకూ ఉన్న తేడా శరీరానికి అర్థమవుతుంది.

చాప మీద వెల్లకిల పడుకోండి. పాదాల వేళ్ళను అయిదు సెకన్లు బిగించి, వదిలి, పది పదిహేను సెకన్లు ఊరికే ఉండండి. తరువాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్ళు, భుజాలు, చివరకు ముఖం. భుజాలను చెవుల దాకా ఎత్తి వదలండి. కళ్ళు గట్టిగా మూసి వదలండి. పళ్ళు కొరికినట్లు దవడ బిగించి వదలండి. కుట్టుమిషను మీద వంగి పని చేసేవారికి, కంప్యూటరు ముందు కూర్చొనేవారికి భుజాలు, దవడ దగ్గరనే రోజంతా పేరుకొని ఉంటుంది. నొప్పి ఉన్నచోట గట్టిగా బిగించవద్దు. చివర అయిదు నిమిషాలు శవాసనంలో ఉన్నట్లు కదలకుండా ఉండండి. అలాగే నిద్ర పట్టితే పట్టనివ్వండి, అందులో తప్పేమీ లేదు.

నాలుగవది: నాలుగడుగులు

పరుగెత్తడానికి సిద్ధమైన శరీరాన్ని రోజంతా కుర్చీలో కట్టేస్తే, ఆ శక్తి ఎక్కడికి పోతుంది? కనుక కూర్చొని పని చేసేవారు ఇంటికి వచ్చాక ఇరవై నిమిషాలు నడవాలి. నడక అంటే వ్యాయామశాల కాదు, పోటీ కాదు. చెరకుతోట పక్కన బాట ఉంటుంది, ఊరి గుడి చుట్టూ దారి ఉంటుంది. జూన్, జూలై నెలల్లో అయిదున్నర దాటితే పొద్దు పోతుంది కనుక దీపాలున్న దారిని ఎంచుకోవాలి.

సముద్రానికి దగ్గర ఉన్నవారు అదృష్టవంతులు. మన తీరాల్లో వరుసగా కనిపించే ఫిలావో చెట్లు మరేవో కావు, మన పెద్దలు విడిచి వచ్చిన విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఉండే సరుగుడు చెట్లే. గాలికి వాటి కొమ్మలు చేసే శబ్దం అక్కడా ఇక్కడా ఒకటే. ఆ చెట్ల కింద సెల్ ఫోను తీయకుండా అర గంట కూర్చోగలిగితే, అంతకన్నా మంచి మందు లేదు.

ఇక రోజంతా నిలబడి, బరువులెత్తి పని చేసేవారికి నడక అవసరం లేదు. వారు పడుకొని, కాళ్ళను గోడకు ఆనించి పది నిమిషాలు ఎత్తుగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. అలసట ఎక్కడ ఉన్నదో చూసి మందు వేయాలి.

అయిదవది: పాట

మన పెద్దలకు ఊపిరి లెక్కలు తెలియవు, వేగస్ నాడి పేరు తెలియదు. అయినా వారు బతికి బయటపడ్డారు. ఎలా? మా జవాబు రామభజనం. పగలంతా చెరకు కొట్టిన మనుషులు రాత్రి దీపం చుట్టూ చేరి, తాళం వేస్తూ, అడుగు కలుపుతూ, ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటూ పాడేవారు. సింహాద్రి అప్పన్న పూజలోనూ అంతే. అలసిన మనిషి మళ్ళీ ఎందుకు గంటల తరబడి పాడి ఆడతాడని ఆ రోజుల్లో తోట దొరలకు అర్థం కాలేదేమో. మనకు ఇప్పుడు అర్థమవుతున్నది.

2001లో ఇటలీ దేశంలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూచియానో బెర్నార్డి, ఆయన సహచరులు 23 మందిని పరీక్షించి ఆ ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. కాథలిక్కులు లాటిన్‌లో చేసే జపమాల ప్రార్థనను, ఒక బౌద్ధ మంత్రాన్ని పైకి చదివినప్పుడు, రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చిందట. పైన రెండవ మార్గంలో మేము చెప్పిన లెక్క అదే కదా! 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు బృందగానం చేసేవారిని పరీక్షించగా, కలిసి పాడేవారి గుండె వేగాలు కూడా కలిసి పెరుగుతూ, కలిసి తగ్గుతూ ఉన్నాయని తేలింది. మన తాతలు దీపం చుట్టూ తిరుగుతూ "గుండెలు కలిశాయి" అనుకొని ఉంటే, అది ఉత్త మాట కాదన్నమాట.

కనుక ఇంట్లో సాయంకాలం దీపం పెట్టిన తరువాత ఒక్క పాటైనా అందరూ కలిసి పాడండి. గొంతు బాగులేదని సిగ్గుపడవద్దు. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోయినా పాట వస్తుంది. వారానికి ఒకసారి భజనకు వెళ్ళేవారు దానిని మొక్కుబడిగా భావించక, తమ ఒంటికీ మనస్సుకూ చేసుకొనే సేవగా భావించాలి. దేవుడి మీద అంత నమ్మకం లేనివారు తమకు నచ్చిన సేగా పాటే పాడుకోవచ్చు. ఊపిరి పొడవుగా సాగడమే ముఖ్యం.

ఆరవది: రేపటి పనిని కాగితం మీద పెట్టడం

పడుకున్న తరువాత "రేపు నీళ్ళ బిల్లు కట్టాలి, పిల్లవాడి బడికి వెళ్ళాలి, ఆ ఫైలు పంపాలి" అని తలలో తిరుగుతూ ఉంటే, మంచం దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టుకొని అయిదు నిమిషాలు అవన్నీ వ్రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 57 మంది యువతీ యువకుల మీద ఇదే పరీక్షించారు. చేసిన పనులను వ్రాసినవారికంటే చేయవలసిన పనులను వ్రాసినవారు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. కాగితం గుర్తుంచుకుంటే మనస్సు మరచిపోవచ్చు. కొంచెం తెలుగు వ్రాయడం వచ్చినవారు ఆ జాబితాను తెలుగులోనే వ్రాస్తే, అక్షరాలు కూడా మరచిపోకుండా ఉంటారు.

ఏడవది: టీ, సెల్ ఫోను, నిద్ర

వెనీలా టీ లేనిదే మన సాయంకాలం గడవదు. కానీ టీలో, కాఫీలో ఉండే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంకాలం ఆరుకు తాగిన టీలో సగం రాత్రి పదకొండుకు కూడా మనలోనే ఉంటుంది. నిద్ర పట్టనివారు నాలుగు గంటల తరువాత టీ మాని, పెరటిలోని సిట్రోనెల్ ఆకులు, అంటే మన నిమ్మగడ్డి, మరిగించి తాగితే మేలు. అందులో కెఫీన్ ఉండదు.

సెల్ ఫోను సంగతి మరీ ముఖ్యం. దాని వెలుతురు కంటే అది తెచ్చే వార్తలు, తగాదాలు, అధికారి సందేశాలు ఎక్కువ హాని చేస్తాయి. పడుకొనే ముందు గంటసేపు దానిని వేరే గదిలో పెట్టండి. పాత రోజుల్లో చెరకు కత్తిని ఇంట్లోకి తెచ్చి పక్కలో పెట్టుకొని ఎవరూ పడుకోలేదు. ఈనాటి కత్తి సెల్ ఫోనే.

విశ్రాంతి కానిది

ఇప్పుడు ఒక కష్టమైన మాట చెప్పవలసి ఉన్నది. చెరకు పండే చోట బెల్లపు మడ్డి ఉంటుంది, మడ్డి ఉన్నచోట రమ్ము ఉంటుంది. తోటల కాలం నుంచీ మన మగవారిలో చాలామందికి అలసట తీర్చుకొనే మార్గం అదొక్కటే అయింది. మేము ఎవరినీ నిందించడం లేదు. విశ్రాంతి తీసుకోవడం నేరమైనచోట, మైకం ఒక్కటే మిగిలి ఉంటుంది. కానీ నిజం చెప్పాలి. రమ్ము తాగితే నిద్ర తొందరగా పట్టేమాట వాస్తవమే. కానీ అది విరిగిన నిద్ర. మద్యం ఒంట్లో కరిగిపోతూ ఉండగా, రాత్రి రెండవ భాగంలో మాటిమాటికీ మెలకువ వస్తుంది, కలలు వచ్చే నిద్ర తగ్గుతుంది. తెల్లవారి లేచిన మనిషి నిన్నటికంటే అలసి ఉంటాడు, సాయంకాలానికి మళ్ళీ సీసా కోసం చూస్తాడు. నడుమ భార్య, పిల్లలు పడే బాధ లెక్కకు రాదు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ వంటి ప్రమాదం ఉంటుంది కనుక డాక్టరును అడిగి మానాలి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

ఇంట్లో అందరికీ సాయంకాలం కావాలి

పైన చెప్పిన మార్గాలన్నీ చదివి, "ఇవన్నీ చేయడానికి నాకు సమయమెక్కడిది?" అని మన తల్లులు, అక్కచెల్లెళ్ళు అడుగుతారని మాకు తెలుసు. న్యాయమైన ప్రశ్న. మగవాడు పని నుంచి వస్తే కుర్చీ, టీ సిద్ధంగా ఉంటాయి. ఆడది పని నుంచి వస్తే పొయ్యి, అంట్లు సిద్ధంగా ఉంటాయి. ఒక ఇంట్లో ఒకరి విశ్రాంతి మరొకరి చాకిరీ మీద నిలబడితే అది విశ్రాంతి కాదు. మన ముత్తవ్వలు కూడా తోటల్లో మగవారితో సమానంగా ఎండలో వంగినవారే.

కనుక ప్రతి ఇంట్లో ఒక కట్టుబాటు చేసుకోవాలని మా సూచన. పని నుంచి వచ్చిన వారెవరైనా సరే, మొదటి పదిహేను నిమిషాలు వారివి. ఎవరూ ఏమీ అడగకూడదు, లెక్కలు చెప్పకూడదు, ఫిర్యాదులు చేయకూడదు. ఆ పదిహేను నిమిషాల్లో కూర ఎవరు తరగాలో, పిల్లల చదువు ఎవరు చూడాలో ముందుగానే పంచుకోవాలి. రాత్రి షిఫ్టు చేసి ఉదయం వచ్చేవారికి పగలే రాత్రి. వారికి తెర వేసిన గది, ఇంట్లో నిశ్శబ్దం ఇవ్వాలి. "పట్టపగలు పడుకున్నాడు" అనే మాట మన నోట రాకూడదు.

డాక్టరు వద్దకు ఎప్పుడు?

ఈ మార్గాలు రోజువారీ అలసటకే. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయక డాక్టరును చూడాలి. గుండెలో నొప్పి, ఆయాసం ఉంటే అది ఒత్తిడి అనుకొని ఊపిరి లెక్కలు చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. "మనసు బాగులేదు" అని చెప్పుకోవడానికి మనవారు సిగ్గుపడతారు, కడుపునొప్పి అని చెబుతారు. ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

చివరి మాట

ఈ ఏడు మార్గాలూ ఒకే రోజు మొదలుపెట్టవద్దు. అలా చేస్తే విశ్రాంతి కూడా మరొక పని అయిపోతుంది. ఒకటి ఎంచుకోండి, నెల రోజులు చేయండి. రోజూ ఒకే వేళకు చేస్తే శరీరం అలవాటు పడి, తనంతట తానే నిమ్మళిస్తుంది.

మొదట చెప్పిన ఇంటికి మేము ఆ తరువాత మరొకసారి వెళ్ళాము. ఆ పెద్దావిడతో ఈ సంగతే ముచ్చటించాము. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు తన తల్లి పొలం నుంచి వచ్చి గుమ్మం దగ్గర కూలబడేదని, ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా లేచి చీపురు పట్టుకొనేదని చివరకు చెప్పింది. ఇంతలో కోడలు వచ్చింది. మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళబోయింది. "కూర్చోవే అమ్మా. ఎక్కడికీ పోదు ఆ పొయ్యి" అని అత్తగారు పక్కన చోటు చూపింది. ఇద్దరూ ఆ మెట్టు మీద కూర్చున్నారు. ఎక్కువ మాటలేమీ జరగలేదు. పొద్దు పోయేదాకా కూర్చున్నారు.

మన పెద్దలు తమ విశ్రాంతిని ధారపోసి మనకు ఇల్లు, చదువు, ఈ దేశంలో గౌరవం సంపాదించి పెట్టారు. వారికి దొరకని సాయంకాలాన్ని మనం నిర్భయంగా అనుభవించడం వారి పట్ల అపచారం కాదు. వారు కోరుకున్నది కూడా అదేనని మా నమ్మకం. ఈ రోజు సాయంకాలం పాఠకులందరూ పదిహేను నిమిషాలు తమ మెట్టు మీద కూర్చుంటారని ఆశిస్తున్నాము. ఎవరైనా అడిగితే, సంజాయిషీ చెప్పవలసిన పని లేదు.